వక్తకు బుర్రకథ నేర్పు విద్య



పల్లెటూరి శ్రోతకు గల స్వాతంత్ర్యము పట్టణపు శ్రోతకు లేదు. అచట టిక్కెట్టు కొని కుర్చీలో కూర్చున్నవాడు విసుగు పుట్టినను మర్యాదకై కూర్చుండును. ఇచట చాప చుట్టుకొని లేచిపోవుటకు అడ్డేమియు లేదు. ఇల్లు నాలుగడుగుల దూరమే. అట్టి శ్రోతను అర్ధరాత్రి దాటినను కదలనీయని కథకుల పద్ధతిని, గ్రంథాలయ సభలలో ఉపన్యసించువారు ఒకింత పరిశీలింపవలసి యున్నది.

హరికథలో భారమంతయు ఒక్కనిదే. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) కాలికి గజ్జె కట్టి, చేత చిరుతలు పట్టి, పాట, ఆట, మాట మూడింటిని తానే నడపిన మహానుభావుడు. సభ కునుకుచున్నట్లు తోచినచో హరిదాసు పిట్టకథ నందుకొనును. పిట్టకథలోనికి పోవుట సులభమే. అసలు కథకు మరలి వచ్చుటయే కష్టము. ఈ రెండవది చేతగాక ఎందరు వక్తలు దారి తప్పుచున్నారో సభలకు పోవువారందరు ఎరుగుదురు.

బుర్రకథలో భారము ముగ్గురిది. నడుమ కథకుడు భుజమున తంబుర, వ్రేళ్లకు అందెలు ధరించి నిలుచును. ఇరుప్రక్కల వంతలు గుమ్మెటలు మ్రోగింతురు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో జన్మించి, 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ పేరు చెప్పగానే ఈ కళయే స్ఫురించును. ఇందలి కిటుకు వంతలయందు గలదు. కథకుడు ఉధృతముగా సాగిపోవుచుండగా ఒక వంత అడ్డుతగిలి, "ఆగు గురూ! కోటలో ఉన్నది ఎవరు, బయట ఉన్నది ఎవరు?" అని అడుగును. మూడవ వరుసలోని అవ్వకు కలిగిన సందేహము సరిగా అదియే. ఒక వంత నవ్వించును. రెండవ వంత నాటి కథను నేటి లోకమునకు ముడిపెట్టును. అనగా శ్రోతల పక్షమున మాటాడుటకు వేదికమీదనే మనుష్యులు కలరు.

ఉపన్యాసమున ఈ వంత లేడు. కాగితమునందు తల దూర్చి చదువు వక్తకు ఎవరు లేచిపోయినదియు తెలియదు. నష్టము వక్తకు గాదు. శిశువుల విరేచనములను గూర్చి ప్రసంగము జరుగుచున్నదనుకొందము. "ఓ.ఆర్.ఎస్. పొట్లమును లీటరు నీటిలో కలుపవలెను" అని వక్త చెప్పి ముందుకు సాగును. లీటరనగా తమ ఇంట ఎన్ని గ్లాసులో తల్లికి తెలియదు, అడుగుటకు సిగ్గు. ఇంటికి పోయి పొట్లమంతయు ఒక్క గ్లాసులో కలిపినచో ఉప్పు మితిమీరి బిడ్డకు ప్రమాదము. ఒక్క ప్రశ్నకు తావిచ్చిన తీరిపోవు ఆపద అది. స్వాగత వచనములకు అరగంట ఇచ్చు సభలు ఈ ప్రశ్నకు అరనిమిషము ఈయకుండుట విడ్డూరము!

ఇందుకు గుమ్మెట అక్కరలేదు. గ్రంథాలయ కార్యదర్శినో, ధైర్యముగల ఒక విద్యార్థినినో తొలి వరుసలో కూర్చుండబెట్టి, అర్థముగానిచోట అడ్డుతగులుమని ముందుగానే ఒప్పింపవచ్చును. ఎవరింటి నుండియో మంచినీళ్ల గ్లాసు తెప్పించి, లీటరు సీసా నిండుటకు అవి ఎన్ని పట్టునో అందరి యెదుట పోసి చూపవచ్చును. ఆ గ్లాసులు లెక్కించుటకు వెనుక వరుసలవారు సైతము లేచి నిలుచుందురు.