ఫలకాలమునకు ముందు



వ్యాకరణము చెప్పి బ్రదికినవాడను గనుక ముందుగా నొక వ్యాకరణ విషయమే మనవి చేసెదను. పౌలు గలతీయులకు వ్రాసిన పత్రికలో శరీరమువలన గలుగు వానిని 'కార్యము'లని బహువచనముతో నెన్నెను. ఆత్మవలన గలుగు ప్రేమ, సంతోషము, సమాధానము మొదలగు తొమ్మిదింటిని మాత్రము 'ఫల'మని యేకవచనముతో నిర్దేశించెను. గ్రీకు మూలమునను నిట్లే యున్నది. కార్యములను విడివిడిగా లెక్కింపవచ్చును. ఫలమో, లోపలి ప్రాణమునుండి పెరిగి వచ్చునది; ఆ తొమ్మిదియు నొక్క పండు యొక్క రంగును, రుచియు, వాసనయు వంటివి. ప్రేమ గలదు గాని యోర్పు మాత్రము లేదని చెప్పుకొనువాడు తన పండునింకను పిందెగానే యెరుగవలెను.

సంస్కృతమున ఫలమన్న యొక్క మాటకు మన తెలుగున పిందె, కాయ, పండు అను మెట్లున్నవి. పిందెను చూపి పండని చెప్పువానిని పిల్లలు సైతము నవ్వుదురు. అయినను విశ్వాసుల విషయమున నా తొందర పెద్దలకే వచ్చుచున్నది. ఈ యేడు ఎందరు చేరిరని యడుగుదురే గాని, చేరినవారెట్లు పెరిగిరని యడుగువారు తక్కువ.

యోహాను సువార్త పదునైదవ అధ్యాయమున క్రీస్తు తన్ను ద్రాక్షావల్లితోను, శిష్యులను తీగెలతోను పోల్చెను. ఫలింపని తీగెను తీసివేయుట వింతకాదు. ఫలించు తీగెను సైతము తోటమాలి కత్తిరించునని యచ్చట చెప్పబడినది. హైదరాబాదు ప్రాంతపు ద్రాక్షతోటల సేద్యము నెరిగినవారికి దీని భావము సుబోధము. అచ్చట ఏటికి రెండు కత్తిరింపులు. వేసవి కత్తిరింపు పిమ్మట క్రొత్త కొమ్మలు సాగును గాని గుత్తులను ముందుకు రానీయరు. అయినను రాబోవు గుత్తి యా కొమ్మల మొగ్గలలోనే అప్పుడు రూపుకట్టుచుండును. అక్టోబరు కత్తిరింపు తరువాతగాని యది బయటపడదు. నడుమ నెలలలో తోటను చూచినవాడు ఆకులు తప్ప నేమియు లేవని పోవును.

ఇట్టి నడిమి కాలము తెలుగుదేశపు క్రైస్తవ చరిత్రలో నొకటి కలదు. అమెరికా బాప్తిస్టు మిషనువారు 1840లో నెల్లూరున పని ప్రారంభించిరి. ఇరువది యేండ్లు దాటినను విశ్వాసుల సంఖ్య బహు స్వల్పము. ఈ పనిని మానివేయుదమా యని స్వదేశమున పెద్దలు పలుమారులు చర్చించిరి. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దంపతులును కొందరు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండనెక్కి యా యూరికొరకు ప్రార్థించిరి. అచ్చట నిలిచి పనిచేయుటకు జాన్ క్లౌ వచ్చునప్పటికి 1866 అయ్యెను. మరుసటి జనవరిలో ఒంగోలు సంఘము ఎనిమిది మందితో నేర్పడెను.

తరువాత 1876 మొదలు 1878 వరకు ఘోరక్షామము. క్లౌ బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. బాప్తిస్మము కోరివచ్చినవారు వేలకొలది. ఆయన ఏడాదికి పైగా ఒక్కరికిని ఇయ్యలేదు. అన్నముకొరకు వచ్చినవారెవరో, దేవునికొరకు వచ్చినవారెవరో తెలియు దాక ఆగెను. ఇది కఠినమని తలచువారు కలరు. ఆకలిగొన్నవాడు దేవుని వెదకరాదా యను వారి ప్రశ్న న్యాయమైనదే. అయితే కూలికి బాప్తిస్మమును షరతుగా పెట్టలేదన్న మాటను మరువరాదు. కూడు వెంటనే దొరకెను. ఆగినది సంస్కారము మాత్రమే.

క్షామధర్మము నిలిచిపోయిన పిమ్మటను వారు వచ్చిరి. 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డునగల వెల్లంపల్లిలో, తెలుగు బోధకులు వంతులవారీగా నీట దిగి 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఈ సంఖ్యను అందరు నెరుగుదురు; జ్ఞాపకముంచుకొనుటకు సులభమైనది గదా! నా మట్టుకు నాకు, కాదనిపించుకొని తిరిగిపోయి, మట్టి మోసి, మరల వచ్చినవారి యా నెలలే గొప్పవిగా తోచును. గుత్తి యప్పుడే రూపుకట్టినది.

పిమ్మటి పెరుగుదలయు సుఖముగా సాగలేదు. వీరిలో ననేకులు మాదిగవారు. ఆదివారము పని చేయకుండుట, చచ్చిన పశువు మాంసము తినకుండుట, విగ్రహములను పూజింపకుండుట అను మూడు నియమములను వారు కైకొనిరి. వినుటకు చిన్నవి. కాని జాతరలో డప్పు కొట్టనన్నవానికిని, ఆదివారము పొలమునకు రానన్నవానికిని గ్రామమున కూలి పోయెను, దెబ్బలు తగిలెను. ఓర్పను మాటకు నిఘంటువున నేనెన్ని పర్యాయపదములు చూపినను, వాని యర్థమును వారి యిండ్లలోనే నేర్చుకొనవలసి యుండెను.

ఇక బోధ మాట. ఇందరికి అక్షరము నేర్పి, వేదవాక్యము వివరింపగలవారెందరు? రామపట్టణములో 1872లో స్థాపింపబడిన వేదాంత పాఠశాలలో చదివినవారు కొలదిమంది. ఒక్కొక్కరి వంతునకు అనేక గ్రామములు వచ్చెను. నడిచి పోవలెను. పగలెల్ల పనికి పోయినవారు ప్రొద్దుగ్రుంకిన పిమ్మటగాని యింటికి రారు. కనుక బోధకుడు వారికొరకు దీపము ముట్టించుకొని కూర్చుండి, గుణింతము మొదలుకొని చెప్పవలసి వచ్చెను.