మండాలి గానీ పేలకూడదు

ఘన ఇంధన రాకెట్ మోటారులో ఇంధనమూ, దాన్ని మండించే ఆక్సిజనూ ఒకే ముద్దలో ఉంటాయి. అమ్మోనియం పెర్‌క్లోరేట్ పలుకులు, అల్యూమినియం పొడి, రెంటినీ పట్టి ఉంచే హెచ్‌టీపీబీ రబ్బరు కలిసిన ముద్ద అది. గాలి ఆడకుండా కప్పినా ఆరదు. ఆపే స్విచ్ లేదు.

1985 జనవరి 11న పశ్చిమ జర్మనీలోని హైల్‌బ్రాన్ దగ్గర పెర్షింగ్-2 క్షిపణి మోటారును పెట్టెలోంచి ఎత్తుతుండగా అంటుకుని ముగ్గురు అమెరికా సైనికులు మరణించారు. ఇగ్నైటర్‌ను ఎవరూ మీటలేదు. చలికి పొడిబారిన గాలిలో కెవ్లార్ తొడుగు మీద పోగైన స్థిరవిద్యుత్తే కారణమని తేలింది. చలికాలంలో స్వెటర్ విప్పుతుంటే చిటపటలాడేది ఆ విద్యుత్తే.

అంటుకోకుండా చూడటం సగం పనే. అంటుకున్నాక పేలకుండా చూడటం అసలు పని. 1967లో అమెరికా విమానవాహక నౌక ఫారెస్టల్ మీద ఒక జూనీ రాకెట్ పొరపాటున దూసుకెళ్లి విమానం ఇంధన ట్యాంకును చీల్చింది. నిమిషంన్నరకే మంటల్లోని బాంబు పేలింది. 134 మంది పోయారు. ఇలాంటి ప్రమాదాల నుంచి నేర్చినదే నాటో ప్రమాణం స్టానాగ్ 4439. మంటలో పడినా, నెమ్మదిగా వేడెక్కినా, తూటా తగిలినా, శకలం తాకినా మోటారు మండటం దాకానే వెళ్లాలంటుంది అది.

వీటిలో మొండిది నెమ్మది వేడి. భగ్గున మంట తగిలితే పైపొర ముందే అంటుకుంటుంది, తొడుగూ మెత్తబడుతుంది. చాలాకాలం పరీక్షల్లో చేసినట్టు గంటకు 3.3 డిగ్రీల చొప్పున వేడి పెంచితే మాత్రం ముద్దంతా లోలోపల మగ్గి, గుల్లబారి, నడుమ ఎక్కడో రాజుకుంటుంది. మంటను అడ్డుకోవడానికి బయట పూసే పూత ఇక్కడ అక్కరకు రాదు.

శకలానిది మరో తీరు. ముద్ద నడుమ బోలు ఉంటుంది. శకలం ఒక గోడను చీల్చితే, రాలిన తునకలు ఎదుటి గోడను కొట్టి, నేరుగా తగిలిన దెబ్బకన్నా తీవ్రమైన పేలుడు పుట్టించగలవు.

మందులు రెండు వైపుల నుంచీ రావాలి. హెచ్‌టీపీబీ బదులు హెచ్‌టీపీఈ అనే మరో రబ్బరు వాడితే నెమ్మది వేడికి స్పందన తగ్గుతుంది. ఉక్కు తొడుగు స్థానంలో కార్బన్ నారల తొడుగు పెడితే, వేడికి రెసిన్ మెత్తబడి, ఒత్తిడి కట్టకముందే చీలుతుంది. కుక్కర్ సేఫ్టీ వాల్వు చేసే పనే. చిక్కంతా ఒక్కచోటే: ఎగిరేటప్పుడు ఒత్తిడిని ఓర్చుకోవాల్సిందీ, ప్రమాదంలో లొంగిపోవాల్సిందీ ఆ తొడుగే. పట్టా అందుకుని హైదరాబాద్ క్షిపణి ప్రయోగశాలలకు వెళ్లే ఇంజినీర్ల బల్ల మీదికి రాబోయే లెక్క ఇదే.