వెనుకంజ – తిరోగమనము
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పిల్లల తెలుగును గూర్చి ప్రస్తావన వచ్చినప్పుడెల్ల "తిరోగమనము" అను మాట వినవచ్చుచున్నది. ఆ మాటకును, మన అచ్చతెలుగు "వెనుకంజ"కును గల భేదమును మనవి చేసెదను.

వీపునకు మన భాషలో వెన్ను అని పేరు. వెనుక, వెన్నంటు, వెనుకాడు మొదలగునవి దాని సంతానమే. కర్ణాటకమున నున్నవారు దీనిని వెంటనే పోల్చుకొనగలరు. మన వేరు వారికి బేరు, మన వెన్న వారికి బెణ్ణె అయినట్లే, మన వెన్ను వారికి బెన్ను. అయితే వెనుకకు తగ్గుటకు తమిళులు "పిన్ వాంగు" అందురు, కన్నడిగులు "హింజరి" అందురు. పాలు కన్నడమున హాలు అయినట్లు పిన్ అనునదియే హిన్ అయినది. మనము మాత్రము వెన్నునే ఆశ్రయించితిమి.

అంజ యనగా అడుగు. వెనుక, అంజ కలిసి వెనుకంజ. ముందు, అంజ కలిసి ముందంజ. వెన్నిచ్చుట యనగా శత్రువునకు వీపు చూపి పాఱుట. వెనుకాడుట యనగా అడుగు వేయుటకు మనసు సంశయించుట. వెనుకంజ యనగా ఒక్క అడుగు వెనుకకు వేయుట. అప్పుడును ముఖము ముందునకే యుండవచ్చును.

తిరోగమనము సంస్కృత పదము. "పురస్" అనగా ముందు. దాని నుండి పురోగమనము. "తిరస్" అనగా చాటు, మఱుగు. దాని నుండి తిరోధానము, తిరోభావము. వాడుకలో తిరోగమనము వెనుకకు పోవుట యను అర్థమున స్థిరపడినది గాని, విడదీసి చూచిన కనుమఱుగగుటయే తోచును.

మన బిడ్డ తెలుగు మాటాడును, వ్రాయలేదు. మాట యింటిలో నిలిచినంత కాలము ఇది వెనుకంజయే. మాటయు మానిన నాడు అది అక్షరాల తిరోగమనము.

1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని ప్రతి రాష్ట్రమునకును నిర్దేశించినది. కాని చదువగోరు పిల్లలు లేనిచో పాఠశాల యెవరికొఱకు? గావున వారమున కొక్కసారి యైన మీ పిల్లలచే తాతకో, అమ్మమ్మకో తెలుగున నొక యుత్తరము వ్రాయింపుడు. తప్పులున్నను దిద్ది పంపుడు. ఒక్క అడుగు వెనుకకు వేసినవానికి ముందంజ దూరము కాదు.