రంగం దారి

కళింగపట్నం, బారువ రేవుల్లో ఓడెక్కి మన కోటబొమ్మాళి, టెక్కలి వైపు జనం రంగం, అంటే రంగూన్ వెళ్లిన కాలం ఒకటుంది. అప్పటికి బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. పాస్‌పోర్టు గొడవ లేదు. రంగూన్ రేవులో మూటలు మోసిన కూలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్లే. 1930 మేలో వాళ్లు సమ్మె చేస్తే, యజమానులు బర్మా వాళ్లను పనిలోకి దించారు. సమ్మె ముగియగానే ఆ బర్మా వాళ్లను పొమ్మన్నారు. వాళ్ల కడుపుమంట తెలుగు కూలీల మీదికి మళ్లింది, నెత్తురు పారింది. లాభం తిన్న కంపెనీలకు మాత్రం గీత కూడా పడలేదు!

1937లో బర్మా ఇండియా నుంచి విడిపోయింది. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. వేలమంది అడవుల వెంట నడిచి వచ్చారు. 1962 సైనిక పాలన తర్వాత మరికొందరు తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వెలిసిందే.

ఇక అసలు సంగతి. బర్మా 1982 పౌరసత్వ చట్టం 1823ను గీటురాయిగా పెట్టుకుంది. అంటే బ్రిటిష్ వాళ్లతో తొలి యుద్ధానికి ముందటి ఏడాది. అంతకుముందే స్థిరపడిన జాతులకే పుట్టుకతో పూర్తి పౌరసత్వపు హక్కు. అక్కడి రోహింగ్యా ముస్లింలను ఆ జాతుల్లో చేర్చలేదు. 2017లో సైన్యం దాడులకు వాళ్లలో ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2019లో గాంబియా ఈ విషయంలో బర్మా మీద హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కింది. బర్మాలోనే ఉండిపోయిన తెలుగు కూలీల మనవలకూ వర్తించేది ఆ 1982 చట్టమే.