గాని, ఐనను: ఇంగ్లీషు వాక్యములలో వాని తావులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఏదేని ప్రబంధమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ప్రబంధములను గూర్చి చెప్పదగిన పెద్దలు ఈ వేదికమీదనే కూర్చుండియున్నారు. నేను గ్రామ లెక్కలు వ్రాసికొను వాడను. నాకడకు వచ్చువారు పద్యములకు అర్థమడుగరు. ఇంగ్లీషు కాగితములకు అర్థమడుగుదురు. కావున ఆ కాగితములలో మనవారిని తఱచుగా చిక్కున బెట్టు కొన్ని చిన్న మాటలను గూర్చి ముచ్చటించెదను. బట్, దో, ఆల్దో, వైల్, వేరాజ్ అనునవి ఆ మాటలు. పెద్ద మాట యెదురైన నిఘంటువు చూతుము. వీనికొఱకు నిఘంటువు తెఱచినవానిని నేను చూచియుండలేదు.

తెలుగును రాజ్యభాషగా జేయు చట్టము 1966లోనే వచ్చినది. ఐనను రాజ్యాంగము 348వ అధికరణమును బట్టి హైకోర్టు తీర్పులు ఇంగ్లీషుననే వెలువడుచున్నవి. బ్యాంకుల యుత్తరములు, భీమా కాగితములు సంగతి మీ రెఱుగుదురు.

మొదట మన భాషను చూతము. “వాన కురిసినది గాని చెరువు నిండలేదు” అందుము. “వాన కురిసినను చెరువు నిండలేదు” అనియు నందుము. భావ మించుమించుగా ఒక్కటే, కట్టు వేఱు. రెండవదానిలోని “కురిసినను” అనుదానిని వ్యాకర్తలు అప్యర్థకమనిరి. “కురిసిన” అనగా కురిసినచో అని యర్థము, అది చేదర్థకము. దానిపై “ను” చేరగా, కురిసినచో గూడ అని యైనది. సంస్కృతమున “యద్యపి” అను మాటను విడదీయుడు: యది, అపి. “యది” అనగా ఐనచో, “అపి” అనగా గూడ. రెండు భాషలును ఒక్క త్రోవనే నడచినవి. సంస్కృతము ఆ రెంటిని కూర్చి వాక్యము తలపై బెట్టినది. తెలుగు క్రియ తోకకు గట్టినది. భేదమంతయు ఇక్కడనే యున్నది.

ఇంగ్లీషు కూడ తలపైననే పెట్టును. “దో ఇట్ రెయిన్డ్, ది ట్యాంక్ డిడ్ నాట్ ఫిల్.” “దో” అను మాట వినబడినంతనే, రాబోవు మాట పూర్తి నిజమేగాని దానిమీద ఆశ పెట్టుకొనరాదని ఇంగ్లీషువాడు గ్రహించును. మనకా హెచ్చరిక క్రియ ముగియునప్పుడు గాని రాదు. అందుచే మనవాడు తలమీది “దో”ను చూచియు చూడక దాటిపోయి, “ఇట్ రెయిన్డ్” అనుచోట నిలిచి, వాన కురిసినదని సంతోషించును. తెలివి తక్కువై కాదు. పుట్టినది మొదలు చెవి తోకకు అలవాటుపడినది.

2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుఫానులో ఇంటి పైకప్పు పోగొట్టుకొన్న రైతొకడు భీమా సొమ్మునకు అర్జీ పెట్టుకొనెను. కొన్ని నెలలకు ఇంగ్లీషున ఉత్తరము వచ్చెను. ఆల్దో అని మొదలిడి, మీ యింటి నష్టము అంగీకరింపబడినదని వ్రాసి, అసలు పాలసీ పత్రము ముప్పది దినములలో చూపిననే గాని సొమ్ము చెల్లింపబడదని ముగించిరి. అంతయు ఒక్కటే వాక్యము. కళాశాలలో చదువుచున్న పిల్లవాడు “అంగీకరింపబడినది” అనువఱకు చదివి చెప్పెను. ఇంటిల్లిపాదియు సొమ్ము వచ్చునని కూర్చుండిరి. ఆ కాగితము నాకడకు వచ్చుసరికి నలువది దినములు దాటినవి. పాలసీ పత్రము వారి పెట్టెలోనే, పసుపుగుడ్డలో భద్రముగా నున్నది. తరువాత ఎన్ని యర్జీలు పెట్టినను ఫలము లేకపోయెను. పిల్లవానిని నేను తప్పుపట్టను. పరీక్షలో “ఆల్దో” అర్థము వ్రాయుమన్న వాడు వ్రాసియే యుండును.

ఇక “బట్” మాట. “ఇట్ రెయిన్డ్, బట్ ది ట్యాంక్ డిడ్ నాట్ ఫిల్.” “దో”తో నున్న ఖండమును వెనుకకు జరుపవచ్చును: “ది ట్యాంక్ డిడ్ నాట్ ఫిల్, దో ఇట్ రెయిన్డ్.” “బట్” ఖండమును అట్లు ముందునకు ద్రోయ వీలులేదు. అది రెండవదానికి తలకట్టు. రెండింటి నడుమనే నిలువవలెను. మన “గాని” అట్లు కాదు. అది మొదటి వాక్యము తోకను పట్టుకొనియుండును. మాటలాడునప్పుడు “వాన కురిసింది గానీ” అని ఆగి ఊపిరి పీల్చుదుము. ఇంగ్లీషువాడు “బట్”కు ముందు ఆగును. మన పిల్లలు కామాను “బట్” తరువాత పెట్టుటకు ఈ ఊపిరియే కారణమని నా యభిప్రాయము.

మఱియు “గాని” అన్నచోటనెల్ల “బట్” వేయరాదు. “వాన కురిసితే గాని చెరువు నిండదు” అనుచోట “అన్‌లెస్” రావలెను. “అన్నగాని తమ్ముడుగాని” అనుచోట “ఈదర్, ఆర్” రావలెను. ఒక వింత యేమనగా, “బట్” అను మాటకు ప్రాచీనాంగ్లమున వెలుపల, తప్ప అను నర్థములుండెడివి. “ఆల్ బట్ వన్” అనగా ఒకటి తప్ప తక్కినవన్నియు. మన “కాని” కూడ “అగు” ధాతువునుండి, కానట్టిది అను నర్థమున బుట్టినదే. చుట్టఱికము లేని రెండు భాషలు ఇట్లొక గుమ్మమున కలిసికొన్నవి.

“దో”, “బట్” రెండింటిని ఒక్క వాక్యమున గూర్చుట మనవారి మఱియొక యలవాటు: “దో ఇట్ రెయిన్డ్, బట్...”. యద్యపి అన్నపిమ్మట తథాపి అనుట మన సంస్కృత సంప్రదాయము గదా. ఇంగ్లీషులో “దో”కు జతగా “యెట్” రావచ్చును, పాత గద్యమున విరివిగా గలదు. “బట్” రారాదు. ఒక యెద్దుకు రెండు కాడు లేల?

“వైల్” అనునది మొదట కాలవాచకము: నేను వ్రాయుచుండగా వాడు వచ్చెను అనునట్టిది. “వైల్ ఐ అగ్రీ” అని కచేరి యుత్తరము మొదలైనచో అది కాలము కాదు, కాదనబోవుచున్నారని తెలిసికొనుడు. “వేరాజ్” నిత్యవ్యవహారమున రెండింటిని పోల్చును: ఈ మడి పల్లము, అదియో మెట్ట. దస్తావేజు మొదట పెద్దక్షరములతో నున్న “వేరాజ్” మాత్రము ఏలయనగా, అయినందున అను నర్థమిచ్చును; అక్కడ విరోధమే లేదు. “హౌఎవర్” జాతివేఱు, దానికి ముందు వాక్యము ముగియవలెను. అంతకంటె దానితో పని లేదు.

ఈ మాటల బరువు తెలియుటకు మన ఊరికి దగ్గఱి యుదాహరణము చెప్పెదను. విజయనగరమున నివసించిన గురజాడ అప్పారావుగారు వాడుక తెలుగు కొఱకు పోరాడిన మహనీయులు. కన్యాశుల్కము తొలికూర్పు 1897లోను, మలికూర్పు 1909లోను వెలువడినవి. రెంటికిని పీఠికలు ఇంగ్లీషులోనే వ్రాసిరి. 1914లో వాడుకభాషను సమర్థించుచు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఇచ్చిన అసమ్మతి పత్రమును ఇంగ్లీషే. ఇప్పుడు చూడుడు. “వారు తెలుగు కొఱకు పోరాడిరి గాని ఇంగ్లీషులో వ్రాసిరి” అన్నచో నింద. “ఇంగ్లీషులో వ్రాసినను తెలుగు కొఱకే పోరాడిరి” అన్నచో ప్రశంస. సంగతులు రెండును అవియే. నేను రెండవ వాక్యమువైపు వాడను; ఆనాటి పాలకులకు తెలియు భాషలోనే గదా వాదము వినిపింపవలెను. వారి నాటకమున వెంకటేశమునకు గిరీశముకడ పొగచుట్ట పరిచయము దప్ప ఎక్కువ ఇంగ్లీషు వంటబట్టలేదు. గ్రాంథికము వ్రాయుచు గురజాడవారిని పొగడుచున్నానని వెనుక వరుసలో నవ్వుచున్నారు; నవ్వుడు.

కార్యదర్శిగారి యనుమతితో ఒక విన్నపము. ఇంటిలో ఇంగ్లీషు ఉత్తరములున్నవారు ఆదివారము సాయంకాలము ఈ గ్రంథాలయమునకు తెండు, పిల్లలను వెంటబెట్టుకొని రండు. వాక్యము మధ్యలో నాపక చివరి చుక్కవఱకు కలిసి చదువుదము. కవరు పాఱవేయవలదు, అంచె ముద్ర దానిమీదనే యుండును, ముప్పది దినముల లెక్కకు అది కావలెను.