పొరుగింటి కిటికీ – మా ఇంటి ప్లాను
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ పెద్దలు మాట్లాడారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు "మీ గది గొడవ చెప్పండి, మనవాళ్ళకు పనికొస్తుంది" అన్నారు. నేను వక్తను కాను. 34 సంవత్సరాలు గుమాస్తాగా నోట్ ఫైళ్ళు రాసుకున్నవాణ్ణి. తప్పులుంటే మన్నించండి.

మా ఇల్లు 150 గజాల స్థలంలో, హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు తీసుకుని 1989లో కట్టుకున్నది. 1986 ఆగస్టు గోదావరి వరద కళ్ళారా చూసినవాళ్ళం గనుక పునాది బాగా ఎత్తు చేయించాను. వీధి వైపు అయిదు మెట్లు, పెరటి వైపు నాలుగు. అందరూ మెచ్చుకున్నారు. ముప్పై ఏళ్ళు గడిచేసరికి ఆ నాలుగు మెట్లే మా ఆవిడ పాలిట శత్రువులయ్యాయి. మరుగుదొడ్డి పెరట్లో ఉంది. రెండు మోకాళ్ళూ అరిగిన మనిషి వానాకాలపు అర్ధరాత్రి నాచు పట్టిన మెట్లు దిగి వెళ్ళాలి. 2022 శ్రావణంలో జారిపడింది. అదృష్టం, ఎముక విరగలేదు. కాని ఆ తర్వాత సాయంత్రం నాలుగు దాటితే మంచినీళ్ళు తాగడం మానేసింది. ఒకే ఇంట్లో ఉంటూ నాకీ సంగతి నెల రోజుల దాకా తెలియలేదు.

2023లో కమ్యుటేషన్‌కు పదిహేనేళ్ళు నిండి పూర్తి పెన్షను పునరుద్ధరణ అయింది. ఆ ధైర్యంతో ఇంటికి తూర్పున ఉన్న ఖాళీలో, ఇంటి మట్టానికే ఒక గది, దానికి ఆనుకుని స్నానాల గది వేద్దామనుకున్నాం.

మేస్త్రీ మొదలుకొని వియ్యంకుడి గారి దాకా ఒకటే మాట. "ఈ మాత్రం గదికి ప్లానెందుకండీ? శనాదివారాల్లో గోడలు లేపేస్తే సరి. బి.పి.ఎస్. వచ్చినప్పుడు డబ్బు కట్టేయొచ్చు." బి.పి.ఎస్. అనేది 2007లో వచ్చింది, 2015లో, 2019లో మళ్ళీ వచ్చింది. నిజమే. అయితే ప్రతి దానికీ ఒక గడువు తేదీ ఉంటుంది, ఆ తేదీ తర్వాత కట్టినది అందులోకి రాదు. పైగా 2024 డిసెంబరు 17న మీరట్ కేసులో సుప్రీం కోర్టు, ఎన్నేళ్ళు గడిచినా అనుమతి లేని కట్టడం సక్రమం అయిపోదని స్పష్టంగా చెప్పింది. మేము దరఖాస్తు పెట్టింది అంతకు ముందే అనుకోండి. నా కారణం వేరు. సర్వీసంతా "అనుమతి లేనందున తిరస్కరించవచ్చును" అని రాసిన చెయ్యి ఇది. దీనితోనే దొంగతనంగా ఇటుక పేర్పించలేకపోయాను.

లైసెన్సు ఉన్న సర్వేయరు చేత ప్లాను గీయించి, దస్తావేజు, ఇంటిపన్ను రసీదు, 1989 నాటి పాత ప్లాను జతచేసి ఆన్‌లైన్లో పెట్టించాను. 2017లో జి.ఓ. 119 ద్వారా వచ్చిన బిల్డింగు రూల్సు ప్రకారం మా పాటి స్థలానికి పక్కన మీటరు ఖాళీ వదలాలన్నారు. వదిలాను. పొరుగువారి సంతకం కావాలని చాలామంది భయపడతారు. మన స్థలంలో, నిర్ణీత ఖాళీ వదిలి కట్టుకునేందుకు అది అక్కరలేదు.

అక్కరలేదు గనుక పొరుగింటి టీచరమ్మ గారికి నేను మాట మాత్రమైనా చెప్పలేదు. అది నా తప్పు. సర్వేయరు టేపు పట్టుకుని తిరుగుతుంటే ఆవిడ కిటికీలోంచి చూసింది. పదో రోజున అభ్యంతర పత్రం వెళ్ళింది. మూడు అభ్యంతరాలు. ప్రహరీ గోడ ఆరంగుళాలు తమ స్థలంలో ఉందని ఒకటి. మా కొత్త శ్లాబు వాననీళ్ళు తమ వైపు పడతాయని రెండు. తమ వంటగది కిటికీకి వెలుతురు పోతుందని మూడు.

జవాబు రాయమన్నారు. చాలా ఏళ్ళకు చేతికి పని దొరికింది! మూడు పేజీలు రాశాను. ఆ ఆరంగుళాల మీదే రెండున్నర పేజీలు. స్థలం హక్కు తగాదాలు తేల్చేది సివిల్ కోర్టు, మునిసిపాలిటీ కాదు. ప్లాను మంజూరుకు పైకి కనిపించే హక్కు, స్వాధీనం ఉంటే చాలునని మన హైకోర్టు కూడా చెప్పి ఉంది. ఆ పాయింటు మీద నా మాటే నెగ్గింది. మా ఆవిడకు చదివి వినిపించాను. అంతా విని, "బాగానే ఉంది గానీ, ఆవిడ కిటికీ గురించి ఒక్క ముక్కా రాయలేదేమండీ?" అంది.

అప్పుడు పుస్తకం తీశాను. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, 15వ సెక్షను. ఒక ఇంటికి 20 సంవత్సరాలు అడ్డు లేకుండా, తగవు లేకుండా, హక్కుగా వెలుతురు, గాలి అందుతూ ఉంటే అది హక్కే అవుతుంది. కాస్త తగ్గినంత మాత్రాన దావా నిలవదు, చెప్పుకోదగ్గ నష్టం ఉండాలి. వారి ఇల్లు 1997లో కట్టారు. అప్పటికి 26 ఏళ్ళు. ప్లాను చేతికొచ్చినా కోర్టులో చిక్కుపడేవాణ్ణే.

మర్నాడు సాయంత్రం వెళ్ళాను. "రండి అన్నయ్య గారూ" అంది గానీ కుర్చీ వేయలేదు. వంటగది చూపించమన్నాను. పొయ్యి దగ్గర నిలబడి చూశాను. మా ప్రహరీ వాళ్ళ కిటికీకి రెండడుగుల దూరం. పడమటి ఎండ ఆ ఒక్క కిటికీలోంచే వస్తుంది. నా గోడ లేస్తే నాలుగింటికే దీపం పెట్టుకోవాలి. ఆవిడకు ఒక కంట్లో శుక్లం ఆపరేషను అయిందన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. గోడకు ఆ పక్కన ఆవిడ, ఈ పక్కన మేము! మనలో ఎంతమందికి పక్కింటివారి వంటగది ఎలా ఉంటుందో తెలుసు?

ప్లాను మార్పించాను. గదిని ఏడడుగులు దక్షిణానికి జరిపి, కిటికీ ఎదుట భాగం ఖాళీగా ఉంచాం. శ్లాబు వాలు మా వైపుకే పెట్టి, గొట్టం ద్వారా నీళ్ళు వీధి కాలువలోకి పంపాం. మన డెల్టా నేల బల్లపరుపు, పల్లం ఎటో వాన పడితే గాని తెలియదు. ఆవిడ రెండో అభ్యంతరం కూడా ఉత్తది కాదు. సర్వేయరుకు మళ్ళీ డబ్బు ఇచ్చుకున్నాను. గృహప్రవేశం నాడు మా ఆవిడ నాటిన కొబ్బరిచెట్టు అడ్డమై కొట్టించాల్సి వచ్చింది. దానికి ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

టీచరమ్మ గారు కిటికీ, నీళ్ళ అభ్యంతరాలు వదులుకుంటూ రాసిచ్చారు. ఆరంగుళాలు మాత్రం వదలలేదు. ఆ వాక్యం కింద ఎర్ర గీత కూడా గీశారు. అది ఇప్పటికీ తేలలేదు. ప్లాను మాత్రం మంజూరయింది, 2024 వేసవిలో గది పూర్తయింది. మా ఆవిడ ఇప్పుడు రాత్రి మంచం పక్కన నీళ్ళ చెంబు పెట్టుకుంటోంది.

నా ఫైలు వెంట తెచ్చాను. పాత ప్లాను, మార్చిన ప్లాను, అభ్యంతరం, నా మూడు పేజీల జవాబు అన్నీ అందులో ఉన్నాయి. టీ ఇచ్చేటప్పుడు చూడదలచినవారు చూడవచ్చు. కాగితాలు వరస తప్పకుండా తిరిగి ఇప్పించ ప్రార్థన.