ఆయాసము లేనినాటి మందు

ఊపిరి సాఫీగా ఆడుచున్నంతకాలము దానిని గూర్చి తలచువారు ఉండరు. అది ఒక్క రాత్రి బిగిసినచో ఇంటిల్లిపాదికి కునుకు ఉండదు. మంచముమీద ముందునకు వంగి, మోకాళ్లపై చేతులు ఆనించి, గాలికొరకు పెనుగులాడు మనిషిని చూచినవారికి ఆ బాధను వర్ణింప నక్కరలేదు. రొమ్ములో పిల్లికూతలు, తెల్లవార్లు దగ్గు, మాట ముగియకముందే తెగిపోవు ఊపిరి, ఇవి మన ఇండ్లలో తరతరములుగా ఎరిగిన లక్షణములే. ఉబ్బసపు రోగి పడు అవస్థను ఎరుగని పల్లెయు లేదు, పట్టణమును లేదు.

ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది ముఖ్యముగా ఒక్క విషయము. ఉబ్బసమునకు పీల్చు మందులు రెండు విధములు. ఒకటి ఆయాసము వచ్చినప్పుడు ఉపశమనము కలిగించునది. రెండవది ఆయాసము రాకుండ కాపాడునది. మొదటిదాని గుణము అయిదు నిమిషములలో తెలియును. రెండవదాని గుణము ఏనాటికానాడు తెలియదు. అందుచేత జనులు మొదటిదానిని ప్రాణప్రదముగా జేబులో దాచుకొని, రెండవదానిని గూటిలో పెట్టి మరచుచున్నారు. తరచు ప్రాణమును నిలుపునది ఆ మరచిన మందే.

మాతో పనిచేయు మిత్రులొకరు కలరు. మైక్రోఫోను ముందు మాటలాడుట ఆయన వృత్తి. చిన్ననాటినుండి ఉబ్బసము ఉన్నది. డాక్టరు రెండు ఇన్‌హేలర్లు వ్రాసియిచ్చిరి. నాలుగు నెలలు క్రమముగా పీల్చగా పిల్లికూతలు పోయినవి. మేడమెట్లు ఆగకుండ ఎక్కగలిగిరి. అప్పుడు ఆయనకు ఒక ఆలోచన పుట్టినది. జబ్బు తగ్గినది గదా, ఇక స్టెరాయిడు ఎందుకు? పైగా గొంతు కొంచెము బొంగురుపోవుచున్నది. ఇట్లు తలచి నివారణ మందును తమంతట తామే మానివేసిరి. డాక్టరుతో చెప్పలేదు, మాతోను చెప్పలేదు. నీలిరంగు ఉపశమన ఇన్‌హేలరు మాత్రము చొక్కాజేబులో ఉండెడిది. అది మొదట వారమునకు ఒకసారి, పిదప దినమునకు ఒకసారి, తుదకు గంటగంటకు బయటకు వచ్చుచుండెను. మేము చూచుచునే యుంటిమి. మందు దగ్గర ఉన్నది గదా యని ధైర్యపడితిమే కాని, అది అపాయసూచన యని ఎరుగమైతిమి. కార్తిక మాసమున ఒక తెల్లవారుజామున ప్రసారపు వేళకు వచ్చిన ఆయన రెండు మాటలు కలిపి పలుకలేకపోయిరి. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టి, మూడు దినములు ఉంచి పంపిరి. కోలుకొన్న పిదప ఆయన మాతో అనిన మాట ఇది: "మందు పనిచేయుటచేతనే నాకు మందు అక్కరలేదని తోచినది."

ఈ పొరపాటు ఆయన ఒక్కరిది కాదు. దానికి కారణము తెలియవలెనన్న ఊపిరితిత్తులలో జరుగునది కొంత తెలియవలెను. ఉబ్బసమున శ్వాసనాళముల లోపలి పొర వాచియుండును. ఆయాసము లేని దినములలో సైతము ఆ వాపు కొంత నిలిచియే యుండును. దుమ్ము, చలిగాలి, పొగ, జలుబు, ఏదో యొకటి తగిలినంతనే వాచిన నాళముల చుట్టునున్న కండరములు బిగిసికొనును. జిగురువంటి కఫము దారిని మూసివేయును. సాల్‌బ్యుటమాల్ వంటి ఉపశమన మందు ఆ కండరములను సడలించును. దాని బలము నాలుగు లేక ఆరు గంటలు. వాపును అది తగ్గింపదు. వాపును తగ్గించునది పీల్చు స్టెరాయిడు. వానకాలమున చెక్కతలుపు తడికి ఉబ్బి బిగిసిపోవుట మనకు తెలియును. గట్టిగా తోసినచో ఆ పూటకు తెరుచుకొనును. తడి ఆరనిదే మరల బిగియక మానదు. ఉపశమన మందు తలుపును తోయుట వంటిది. స్టెరాయిడు తడిని ఆర్చుట వంటిది.

ఈ జ్ఞానము వైద్యలోకమునకు సులభముగా లభింపలేదు. కార్టిసోన్ అను స్టెరాయిడును 1948లో అమెరికాలో కీళ్లవాత రోగులకు ఇచ్చి, దాని ఫలితమును చూచి వైద్యులు అబ్బురపడిరి. ఆ పరిశోధనలకు 1950లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము లభించినది. ఉబ్బసమునకును స్టెరాయిడు మాత్రలు పనిచేసినవి. కాని ఏండ్లతరబడి మ్రింగినవారికి ముఖము ఉబ్బుట, ఎముకలు పెళుసెక్కుట, మధుమేహము మున్నగు కీడులు కలిగినవి. స్టెరాయిడన్న భయము నాడు పుట్టినదే.

మందును పీల్చుటకు వీలైన ఒత్తిడి డబ్బా 1956లో అమెరికాలో వెలువడినది. ఉబ్బసముతో బాధపడుచున్న పదమూడేండ్ల బాలిక, తలకు చల్లుకొను సుగంధమువలె తన మందును డబ్బాలో ఏల పెట్టరాదని తండ్రిని అడిగినదట. ఆ తండ్రి జార్జి మేసన్ ఒక మందుల కంపెనీకి అధ్యక్షుడు. ఆ ప్రశ్నయే నేటి ఇన్‌హేలరునకు మూలము. అయితే మొదటి ఇన్‌హేలర్లలో ఉన్నవి ఉపశమన మందులు మాత్రమే. 1960లలో ఐసోప్రినలిన్ అను అట్టి మందును పెద్ద మోతాదులో నింపిన ఇన్‌హేలర్లు వాడుకలోనికి వచ్చిన దేశములు కొన్ని కలవు. ఇంగ్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలాండు అట్టివి. ఆ కాలముననే ఆ దేశములలో ఉబ్బసపు మరణములు పెరిగినవి. ఉపశమనమును నమ్ముకొని అసలు చికిత్సను ఆలస్యము చేయుటవలన ఎంత కీడు మూడునో వైద్యులు అప్పుడు ఆలోచింప మొదలిడిరి. 1972లో బెక్లోమెథాసోన్ అను స్టెరాయిడు పీల్చు రూపమున వచ్చినది. మ్రింగనక్కరలేకుండ, కావలసిన చోటికే మందు చేరు మార్గము ఏర్పడినది. ఇటీవల 2019లో అంతర్జాతీయ ఉబ్బస నిపుణుల సంఘము మరియొక అడుగు ముందునకు వేసినది. పెద్దలును, కౌమార వయస్కులును ఉపశమన మందును మాత్రమే వాడుట తగదనియు, దానితో పాటు స్టెరాయిడు ఉండవలెననియు ఆ సంఘము సూచించినది. బ్యుడెసొనైడ్, ఫార్మోటెరాల్ అను రెండు మందులు కలిసిన ఇన్‌హేలరు ఒక్కటియే ఉపశమనమునకును, నివారణకును ఉపయోగించు పద్ధతియు నేడు కలదు.

ఇక స్టెరాయిడన్న భయమును గూర్చి. తీవ్రమైన ఆయాసమునకు డాక్టర్లు కొన్ని దినములపాటు ఇచ్చు ప్రెడ్నిసొలోన్ మాత్రలు దినమునకు 40 మిల్లీగ్రాములు ఉండవచ్చును. చాలమందికి చాలు బ్యుడెసొనైడ్ పీల్చు మోతాదు దినమునకు 400 మైక్రోగ్రాములు. మైక్రోగ్రామనగా మిల్లీగ్రాములో వెయ్యవ వంతు. లెక్క వేసినచో తూకమున ఇది ఆ మాత్రల మోతాదులో నూరవ వంతు. దీనివలన మత్తు గాని, మానరాని అలవాటు గాని పట్టుకొనదు. అట్లని కీడు బొత్తిగా లేదనుట సత్యము కాదు. గొంతు బొంగురుపోవచ్చును, నోటిలో తెల్లని పూత పుట్టవచ్చును. పీల్చిన వెంటనే నీటితో నోరు పుక్కిలించి ఉమిసినచో ఇవి చాలవరకు తప్పును. ఏండ్లతరబడి వాడు పిల్లలు పెద్దవారైన పిదప ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గవచ్చునని తెలిసినది. అందుకే జబ్బు అదుపులోనికి వచ్చిన పిదప డాక్టరు మోతాదును మెల్లమెల్లగా తగ్గించును. తగ్గించుట వేరు, మనంతట మనము మానుట వేరు.

మందు ఎంత మంచిదైనను నాలుకమీద పడినచో ప్రయోజనము లేదు. డబ్బాను బాగుగా కుదిపి, ఊపిరిని మెల్లగా బయటకు విడిచి, పెదవులు బిగించి, లోనికి పీల్చుట మొదలిడిన క్షణముననే నొక్కవలెను. మెల్లగా, లోతుగా పీల్చి, పది లెక్కించువరకు ఊపిరి బిగబట్టవలెను. పిల్లలకు, వృద్ధులకు, చేయి ఊపిరి కలియనివారికి స్పేసర్ అను డొల్ల గొట్టమును అమర్చినచో పని సులభమగును. గుళికలోని పొడిని పీల్చు పరికరము వేరు. దానిని వేగముగా, బలముగా పీల్చవలెను. ఆ గుళికలను మాత్రలనుకొని నీళ్లతో మ్రింగువారు లేకపోలేదు. కనుక డాక్టరు వద్దకు పోయిన ప్రతిసారి ఇన్‌హేలరు వెంట తీసికొనిపోయి, వారి యెదుట పీల్చి చూపుట ఉత్తమము.

ఆయాసమెల్ల ఉబ్బసము కాదు. బీడీ, చుట్ట, సిగరెట్టు పొగవలనను, కట్టెల పొయ్యి, పిడకల పొగవలనను నెమ్మదిగా ముదురు దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు మరియొకటి కలదు. దానిని సి.ఓ.పి.డి. అందురు. ఒక్కనాడును పొగత్రాగని మన తల్లులు, అమ్మమ్మలు వంటయింటి పొగచేత దీనికి లోనైనారు. వయసు మీరినది, దగ్గు సహజమే యని వారును అనుకొనిరి, మనమును అనుకొంటిమి. స్పైరోమెట్రీ అను ఊపిరి పరీక్ష చేసిన గాని ఇది తేలదు. ఈ జబ్బులో స్టెరాయిడు అందరికిని మొదటి మందు కాదు. టయోట్రోపియమ్ వంటి, ఎక్కువ కాలము నాళములను తెరచియుంచు మందులే ఇందు ముఖ్యము. జబ్బు తరచు ఉద్రేకించువారికి, రక్తములో ఇయోసినోఫిల్ కణములు మైక్రోలీటరునకు 300 లేక అంతకు మించియున్నవారికి స్టెరాయిడు మేలు చేయును. ఆ కణములు 100కు లోబడియున్నచో ప్రయోజనము స్వల్పము. పైగా ఈ రోగులలో స్టెరాయిడువలన న్యుమోనియా కొంత హెచ్చునని 2007లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన తెలిపినది. పొగ మానుట, పొయ్యి మార్చుట, ఫ్లూ, న్యుమోకాకస్ టీకాలు, శిక్షణతో కూడిన నడక, వ్యాయామము, ఇవి మందులతో సమానమైనవి. రక్తములో ప్రాణవాయువు మిక్కిలి తగ్గినవారికి దినమునకు 15 గంటలకు తక్కువ కాకుండ ఇంటివద్దనే ప్రాణవాయువు ఇచ్చుట ఆయుర్దాయమును పెంచును.

రోగనిర్ణయము ఎంత ముఖ్యమో మన నేలయే ఒకనాడు చూపినది. మదనపల్లె సమీపమునగల ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయమున పనిచేసిన ఫ్రిమొట్-మొల్లర్, బార్టన్ అను వైద్యులు 1940లో ఒక విచిత్ర వ్యాధిని వర్ణించిరి. చూచుటకు అది క్షయవలె నుండెను గాని క్షయ కాదు. రోగుల రక్తములో ఇయోసినోఫిల్ కణములు విపరీతముగా ఉండెను. రాత్రివేళ దగ్గు, పిల్లికూతలతో ఉబ్బసమును తలపించు ఈ జబ్బునకు మూలము బోదకాలు పురుగులేయని పిదప తేలినది. దీనికి వాడు డైఇథైల్‌కార్బమజీన్, భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలయందు వెలువడినదే. ఇట్టి రోగికి ఇన్‌హేలరు మాత్రమే ఇచ్చి పంపినచో జబ్బు నయము కాదు.

ఏటేట జూన్ మాసమున మృగశిర కార్తె ప్రవేశించు వేళ, హైదరాబాదులో బత్తిని వంశీయులు ఇచ్చు చేప ప్రసాదమునకై దూరప్రాంతములనుండి సైతము వేలకొలది రోగులు వత్తురు. దాని గుణమును శాస్త్రపరీక్షలు నిరూపింపలేదు. అయినను అంతదూరము వచ్చి గంటలకొలది వరుసలో నిలుచువారి బాధను పరిహసించుట మా ఉద్దేశము కాదు. మేము కోరునది ఒక్కటియే. ఆ వరుసలో నిలుచువారి సంచిలో ఇన్‌హేలరు ఉండవలెను; మరునాడును నివారణ మందును మానరాదు.

శ్రోతలు కొన్ని గుర్తులను మనసున నుంచుకొందురు గాక. ఉపశమన మందు వారమునకు రెండుసార్లకు మించి అవసరమగుచున్నను, రాత్రులు దగ్గుతో మెలకువ వచ్చుచున్నను జబ్బు అదుపు తప్పుచున్నదని తెలియవలెను. ఒక వాక్యమును ఊపిరి తీయకుండ ముగింపలేకున్నను, పెదవులు నీలిబారినను, ఉపశమన మందు పీల్చినను ఆయాసము తగ్గకున్నను తెల్లవారువరకు వేచియుండరాదు. తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. ఇంటిలోనివారును, తోడి ఉద్యోగులును ఈ గుర్తులను ఎరిగియుండుట మంచిది. నాడు మేము ఎరిగియుండినచో మా మిత్రుని అంతవరకు రానిచ్చియుండము.

ఆయన ఇప్పుడు మరల తెల్లవారి ప్రసారమునకు వచ్చుచున్నారు. నివారణ ఇన్‌హేలరును పళ్లుతోము బ్రష్షు ప్రక్కనే ఉంచుకొందురట. పీల్చుట, పుక్కిలించుట, పిదప పనికి బయలుదేరుట. గొంతునకు ఆ బొంగురు లేదు. ఆయాసము లేనినాడు ఆ మందు ఎందులకని ఎవరైన అడిగినచో, ఆయన చెప్పు సమాధానము ఒక్కటే: "ఆయాసము లేకుండుట ఆ మందువలననే."